ఈ-టైప్ కొనాలా, ఎన్‌ఎస్‌ఎక్స్ కొనాలా? బావకు ఏం చెప్పమంటారు?

గుత్తి రోడ్డు లేత్, అనంతపురం

అందరికీ నమస్కారం. అనంతపురంలో గుత్తి రోడ్డు మీద మాకు లేత్ వర్క్‌షాప్ ఉంది. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇంజన్ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ మా పని. ట్రాక్టర్లు, జీపులు, బోరు లారీల కంప్రెసర్లు వస్తుంటాయి. ఈ ప్రశ్న మాత్రం మా షాపుకు వచ్చే బండ్ల గురించి కాదు, రెండు పాత స్పోర్ట్స్ కార్ల గురించి. కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా అక్క భర్త బర్మింగ్‌హామ్‌లో డాక్టరు. సొంతూరు తాడిపత్రి, చదివింది కర్నూలు మెడికల్ కాలేజీలో. ఇంగ్లండ్ వెళ్లి ముప్పై ఏళ్లయింది, వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నాడు. తర్వాత ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు అనంతపురంలో ఉండాలని అక్కాబావల ఆలోచన. ఇన్నేళ్లూ ఆయన కొన్నవి ఇంటి అవసరానికి కొన్న కార్లే. ఆసుపత్రికి పోవడానికి, పిల్లల్ని బడిలో దింపడానికి. ఇప్పుడు తనకోసం ఒక్క కారు కొనుక్కుంటానంటున్నాడు.

మనసు రెండు బండ్ల మీద ఉంది. ఒకటి 1966 జాగ్వార్ ఈ-టైప్, మొదటి సిరీస్, 4.2 లీటర్ల కూపే. ఇంకొకటి 1991 హోండా ఎన్‌ఎస్‌ఎక్స్, ఐదు గేర్ల మాన్యువల్. రెండూ కుడివైపు స్టీరింగే. అమ్మేవాళ్లు చెబుతున్న ధరలు కూడా అటూ ఇటూగా ఒకటే. ఒకటి కొంటే రెండోదానికి డబ్బు ఉండదు. "ఇంజన్ల మనిషివి నువ్వు, నువ్వే చెప్పప్పా" అని భారం నా మీద పెట్టాడు.

ఈ రెండే ఎందుకంటే దానికీ కారణం ఉంది. ఇంగ్లండ్‌లో ఆయన మొదటి ఉద్యోగం కొవెంట్రీలో. జాగ్వార్ వాళ్ల బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీ ఆ ఊళ్లోనే ఉండేది. అక్కడ పనిచేసి రిటైరైన పెద్దవాళ్లు పేషెంట్లుగా వచ్చేవారట. చెయ్యి చాపి నాడి చూపిస్తూ, ఈ చేత్తోనే ఈ-టైప్ బానెట్లు సాపు చేశానని చెప్పేవారట. ఎన్‌ఎస్‌ఎక్స్ కథ అంతకన్నా పాతది. కర్నూలు హాస్టల్లో బావ మంచం పక్కన గోడకు ఫార్ములా వన్ రేసర్ అయర్టన్ సెన్నా ఫోటో ఉండేది, హోండా ఇంజన్ పెట్టిన ఎరుపు తెలుపు మెక్‌లారెన్ రేసు కారులో. ఏదో ఇంగ్లిష్ పత్రిక నుంచి కత్తిరించింది. పెళ్లయ్యాక ఆ ఫోటో తాడిపత్రి ఇంట్లో అక్క ట్రంకు పెట్టెలోకి చేరింది. ఇప్పటికీ అందులోనే ఉంది.

పోయిన జూలైలో మేనకోడలి గ్రాడ్యుయేషన్‌కు వెళ్లినప్పుడు బావ రెండు రోజులు సెలవు పెట్టి నన్ను ఆ రెండు బండ్ల దగ్గరికీ తీసుకెళ్లాడు.

ముందు జాగ్వార్. బానెట్, మడ్‌గార్డులు, ముక్కు అన్నీ ఒకే ముక్కగా ముందుకు లేచాయి. లోపల ఆరు సిలిండర్లు వరసగా, పైన రెండు క్యామ్‌షాఫ్టులు, వాటిమీద అద్దంలా పాలిష్ పట్టిన అల్యూమినియం మూతలు, పక్కన మూడు ఎస్‌యూ కార్బురేటర్లు. ఎస్‌యూ కార్బురేటర్‌ను నేను పద్నాలుగేళ్ల వయసులో విప్పాను, పాత అంబాసిడర్ మీద. లోపల ఒక పిస్టన్, ఒక సూది, ఒక జెట్, అంతే. నాన్న ఒక రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొస చెవికి, ఇంకో కొస కార్బురేటర్ దగ్గర పెట్టి, బుస్సుమనే శబ్దాన్ని బట్టి గాలి ఎక్కడ లీకవుతోందో చెప్పేవాడు. ఆ గొట్టంతోనే ఈ మూడు కార్బురేటర్లనూ సమంగా గాలి పీల్చేలా కుదర్చవచ్చు. నట్లన్నీ అంగుళాల కొలతవి. అంబాసిడర్ కాలం నాటి నాన్న పానాల పెట్టె మా షాపులో భద్రంగా ఉంది, ఆ పానాలు ఈ బండికి పనికొస్తాయి. ఇంగ్లండ్‌లో ఎవరి షెడ్డులోనో నిలబడి ఆ మాట అనుకున్నప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

పక్క సీట్లో కూర్చుని పది కిలోమీటర్లు తిరిగాను. నాలుగో గేరులో, గంటకు 50 కిలోమీటర్ల దగ్గర యాక్సిలరేటర్ తొక్కినా ఇంజన్ గొణగలేదు. దుక్కిటెద్దులా నిదానంగా మొదలుపెట్టి లాగుతూనే పోయింది. ఈ ఇంజన్ కుదురు 1948 నాటిది. ఇదే కుటుంబపు ఇంజన్‌తో డి-టైప్ రేసు కార్లు 1955, 56, 57లో వరసగా మూడుసార్లు ల మాన్ 24 గంటల రేసు గెలిచాయి. ఈ-టైప్ ఒళ్లు గీసిన మాల్కమ్ సేయర్ విమానాల కంపెనీ నుంచి వచ్చినవాడు, వంపుల్ని లెక్కలు కట్టి రాబట్టాడు. 1961 మార్చిలో జెనీవా కార్ల ప్రదర్శనలో దాన్ని మొదటిసారి చూపించినప్పుడు ఎగబడ్డ జనానికి ఒక్క బండి చాలలేదు. రెండో బండిని టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ కొవెంట్రీ నుంచి రాత్రంతా తోలుకుని పొద్దునకల్లా జెనీవా చేర్చాడు. ఆ రోజుల్లో దాని ధర 2,100 పౌండ్ల చుట్టుపక్కల. ఆస్టన్ మార్టిన్ కొనాలంటే దాదాపు రెట్టింపు పెట్టాలి.

మరుసటి రోజు హోండా. తలుపు తీసి కూర్చుంటే నేల చేతికి అందేంత కిందికి దిగిపోయాం, కానీ చుట్టూ అద్దాలే, దారి మొత్తం కనిపిస్తోంది. ఇంజన్ సీట్ల వెనక అడ్డంగా ఉంది, 3 లీటర్ల వి6. సాదా కారులాగా స్టార్ట్ అయింది, సాదా కారులాగా ట్రాఫిక్‌లో నడిచింది. ఊరు దాటాక ఓనరు గేరు మార్చకుండా ఆర్‌పీఎం సూదిని (నిమిషానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) పైకి పోనిచ్చాడు. 5,800 దాటేసరికి వీటెక్, అంటే వేగం పెరిగాక వాల్వులను ఇంకా ఎక్కువ తెరిచే ఏర్పాటు, అందుకుని శబ్దం మారింది. 8,000 దాకా ఆ సూది ఎక్కడా ఆయాసపడలేదు.

ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేశాను. జాగ్వార్ స్ట్రోక్, అంటే పిస్టన్ ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచే దూరం, 106 మిల్లీమీటర్లు. మీటరు మీద దాటకూడని ఎర్ర గీత 5,500 ఆర్‌పీఎం దగ్గర. అంటే పిస్టన్ సగటు వేగం సెకనుకు 19.4 మీటర్లు. హోండా స్ట్రోక్ 78 మిల్లీమీటర్లు, 8,000 దగ్గర 20.8 మీటర్లు. లోపల పిస్టన్లు పడే కష్టంలో పెద్ద తేడా లేదు! పవర్ కూడా కాగితం మీద దగ్గరదగ్గరగానే ఉంది. జాగ్వార్‌ది 265 హార్స్‌పవర్, హోండాది 270 పైన. కాకపోతే ఆ కాలంలో బ్రిటన్ వాళ్లు చెప్పింది గ్రాస్ లెక్క, ఇంజన్‌ను విడిగా బెంచి మీద పెట్టి కొలిచింది. బండిలో ఉన్నప్పుడు అంత రాదు. పైగా హోండా ఆ పవర్‌ను 4.2 లీటర్ల నుంచి కాదు, 3 లీటర్ల నుంచి తీసింది. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్లు టైటానియంవి. జనానికి అమ్మే కారులో అవి పెట్టడం అదే మొదటిసారి.

నేను రోజూ అరిగిన సిలిండర్లను ట్వంటీ, ఫార్టీ థౌల (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఓవర్‌సైజ్ పిస్టన్లకు సరిపడా బోరు కొట్టేవాణ్ణి. ఒక థౌ తేడా వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. సొయిచిరో హోండా మొదట్లో తయారు చేసింది పిస్టన్ రింగులే. లోహం సంగతి తెలియక రింగులు సరిగా రాకపోతే, పెద్దవాడయ్యాక టెక్నికల్ స్కూల్లో చేరి కుర్రాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఆయన చనిపోయింది 1991లో, బావ చూసిన ఎన్‌ఎస్‌ఎక్స్ తయారైన ఏడే. రింగుల దగ్గర మొదలైన మనిషి కంపెనీ అక్కడిదాకా పోయిందంటే, ఆ ఇంజన్ ముందు నిలబడి దండం పెట్టాలనిపించింది.

అందుకే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఇంజన్‌గా చూస్తే నాకు హోండా గొప్పది, ఇందులో సందేహం లేదు. నా చేతుల్లో పని చేయించుకోగలిగేది మాత్రం జాగ్వార్. బావకు ఇంకో కోరిక కూడా ఉంది: ఎప్పటికైనా బండిని అనంతపురం తేవాలని. మన ఎండకు, మన స్పీడ్ బ్రేకర్లకు ఏది తట్టుకుంటుంది? అసలు తేనిస్తారా? ఇంకో పదేళ్లకు దేనికి సామాన్లు దొరుకుతాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రొద్దుటూరు టు చెన్నై హార్బర్

అన్నా, నమస్తే. నేను చెన్నైలో కస్టమ్స్ క్లియరింగ్ పనిలో ఉన్నాను. తేవడం గురించి అడిగారు కాబట్టి అదొక్కటే చెబుతాను, ఇంజన్ల సంగతి నాకు తెలియదు.

ఎన్‌ఎస్‌ఎక్స్‌ను ఇండియాకు తేవడం మర్చిపోండి. వాడిన కారు దిగుమతి చేసుకోవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు. ఆ వాకిలి మూసుకుపోయినట్టే. పాత బండ్లకు ఇంకో వాకిలి ఉంది. ఇదివరకు 1950కి ముందు తయారైన వింటేజ్ కార్లకే అనుమతి ఉండేది. 2025లో మార్చారు. ఇప్పుడు మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు నిండిన బండి ఏదైనా తెచ్చుకోవచ్చు, ఏటా ఆ గీత ఒక సంవత్సరం ముందుకు జరుగుతుంది. మీ 1966 జాగ్వార్ ఆ లెక్కలో ఎప్పుడో వచ్చేసింది. 1991 హోండాకు 2041 దాకా ఆగాలి.

అయితే రెండు విషయాలు బావగారికి ముందే చెప్పండి. సుంకాలు చాలా ఎక్కువ. కారు కొన్న డబ్బు వేరు, దాన్ని రేవు దాటించే డబ్బు వేరు. బండి కొనకముందే ఆ సంవత్సరపు రేట్లతో ఒక ఏజెంటు చేత కాగితం మీద లెక్క వేయించుకోండి. నోటిమాట మీద అస్సలు ముందుకు పోవద్దు.

రెండోది, ఇదే ముఖ్యం. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ ప్రకారం నంబరు ప్లేటులో వీఏ అక్షరాలు వస్తాయి. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ బండిని రోజూ వాడుకోకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలుకు, రిపేరుకు తీసుకెళ్లవచ్చు. పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని రావడానికి గుత్తిదాకా పోతానంటే రూల్ ఒప్పుకోదు. అంత సుంకం కట్టి తెచ్చి షెడ్డులో నిలబెట్టుకోవడం బావగారికి ఇష్టమేనా? చాలామంది కంటెయినర్ దిగాక ఈ మాట విని నా ముందే కుర్చీలో కూలబడ్డారు. మీకు అలా జరగకూడదని రాస్తున్నాను.

నంద్యాల నుంచి తొచిగి

లేత్ అన్నా, మీ పిస్టన్ వేగం లెక్క చదివి చాలా సంతోషమైంది. మాది నంద్యాల. పదకొండేళ్లుగా జపాన్‌లో, తొచిగి జిల్లాలో విడిభాగాల డిజైన్ పని చేస్తున్నాను. ఎన్‌ఎస్‌ఎక్స్ పుట్టింది ఈ తొచిగిలోనే, తకనెజావా అనే ఊళ్లో ప్రత్యేకంగా కట్టిన చిన్న ఫ్యాక్టరీలో. రోజుకు పాతిక బండ్లు మించి చేసేవారు కాదు.

ఇంజన్ గురించి మీరు చెప్పారు, నేను ఒళ్లు గురించి చెబుతాను. చాసిస్, బాడీ మొత్తం అల్యూమినియం. అప్పటిదాకా వరసగా ఉత్పత్తి చేసే కారులో ఎవరూ ఆ పని చేయలేదు. అల్యూమినియం ఉక్కులా వెల్డింగ్‌కు లొంగదు, వేడి త్వరగా పాకిపోతుంది, ప్రెస్‌లో వంచితే వెనక్కి లేస్తుంది. ఒక్కో సమస్యకూ పద్ధతి కొత్తగా కనిపెట్టుకోవాల్సి వచ్చింది. 1989 మొదట్లో సుజుకా ట్రాక్ మీద సెన్నా నమూనా బండి నడిపి, ఒళ్లు ఇంకా గట్టిగా ఉండాలన్నాడు. హోండా ఇంజనీర్లు జర్మనీలో న్యూర్బర్గ్‌రింగ్ రేసు ట్రాక్ దగ్గర నెలల తరబడి ఉండి, ఎక్కడ వంగుతోందో వెతికి వెతికి బిగించారు. ప్రపంచ చాంపియన్ అన్న ఒక్క మాటకు చాసిస్ మొత్తం మళ్లీ పట్టుకోవడం చిన్న విషయం కాదు.

మెక్‌లారెన్ ఎఫ్1 డిజైన్ చేసిన గోర్డన్ ముర్రే పేరు వినే ఉంటారు. రోడ్డు మీద కారు ఎలా నడవాలి అనేదానికి ఆయన కొలబద్దగా పెట్టుకున్నది ఫెరారీని కాదు, ఎన్‌ఎస్‌ఎక్స్‌ను. ఒకటి కొనుక్కుని ఏళ్లతరబడి తిరిగాడు కూడా. బ్రిటన్‌లో కూర్చుని ప్రపంచంలోనే వేగమైన కారు గీస్తున్న మనిషి జపాన్ కారును కొలత పెట్టుకున్నాడంటే, ఈ-టైప్ వచ్చిన ముప్పై ఏళ్లలో లోకం ఎంత మారిందో చూడండి.

ఇప్పుడు కొనేముందు చూడాల్సినవి. తొలి ఏళ్ల మాన్యువల్ గేర్‌బాక్సుల్లో కొన్నింటికి స్నాప్ రింగ్ (బేరింగ్‌ను కదలకుండా పట్టి ఉంచే రింగు) సమస్య ఉంది. రింగు కూర్చునే గాడి కొలతలో తేడా వల్ల అది విరుగుతుంది, విరిగితే బేరింగ్‌తో మొదలై గేర్‌బాక్స్ పోతుంది. 1991 బండి కాబట్టి గేర్‌బాక్స్ నంబరు తప్పక సరిచూడాలి. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు చివరిసారి ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. ఏసీ కంట్రోల్ యూనిట్ లోపల కెపాసిటర్లు ముప్పై ఏళ్లకు కారి సర్క్యూట్ బోర్డును తినేస్తాయి. వీటికి మించి, ఎప్పుడైనా దెబ్బ తగిలి అల్యూమినియం అతుకు వేసి ఉంటే, ఎవరు వేశారన్నది తెలియకుండా కొనవద్దు. సామాన్లు రానురాను తగ్గిపోతున్నాయి, అది నిజం. అయినా నేనైతే ఎన్‌ఎస్‌ఎక్స్ కొని, ఇంగ్లండ్‌లోనే ఉంచి, ఆరు నెలలూ రోజూ నడపమంటాను. దాన్ని చేసింది నడపడానికే.

గుత్తి రోడ్డు లేత్, అనంతపురం

చాలా కృతజ్ఞతలు తమ్ముడూ. గేర్‌బాక్స్ నంబరు సంగతి ఇవాళే బావకు పంపించాను. ఒక్క అనుమానం. బ్లాక్ అల్యూమినియం కదా, సిలిండర్ లోపల ఇనుప లైనర్లేనా? అరిగితే బోరు కొట్టే వీలుందా?

నంద్యాల నుంచి తొచిగి

అవునన్నా, లోపల పోత ఇనుము లైనర్లే. కొలత ప్రకారం బోరు కొట్టవచ్చు. కానీ నిజం చెప్పాలంటే, నూనె సమయానికి మార్చిన ఎన్‌ఎస్‌ఎక్స్ ఇంజన్ బోరుకు వచ్చిందని నేను ఇక్కడ వినలేదు. మీ దగ్గరికి ఆ పని రాదు.

తుంగభద్ర గట్టు, కర్నూలు

అన్నా, మీ పోస్టు రాత్రే చదివాను, నిద్ర పట్టలేదు. నాకు ఈ రెండు బండ్లూ తెలియవు. మా నాన్నగారికి 1967 స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది, మద్రాసులో తయారైంది. బ్రిటన్ డిజైనే. మీరు ఈ-టైప్ గురించి రాసినట్టే దాని ముక్కు మొత్తం ఒకే ముక్కగా ముందుకు లేచేది. ఆదివారం పొద్దున నాన్న బానెట్ లేపి ముందు టైరు మీద కూర్చుని పని చేసుకునేవారు. రెండో టైరు మీద నన్ను కూర్చోబెట్టేవారు. ప్లగ్గులు తుడిచి ఇవ్వడం నా పని. మా ఇంట్లో మగపిల్లలు లేరు కాబట్టి కాదు, నాకు ఇష్టం కాబట్టి.

2009 అక్టోబరులో కర్నూలుకు వరద వచ్చింది కదా. మా వీధిలో నీళ్లు మేడ మెట్లదాకా వచ్చాయి. హెరాల్డ్ మునిగిపోయింది. నీళ్లు తీశాక నాన్న డెబ్భై ఏళ్ల వయసులో బురద కడిగి, సీట్లు విప్పి ఎండబెట్టి, ఇంజన్ విప్పించి మళ్లీ స్టార్ట్ చేయించారు. వీధంతా చప్పట్లు కొట్టారు. పైకి బండి బాగుంది. రెండేళ్ల తర్వాత ఒకరోజు జాకీ పెడితే జాకీ లోపలికి దిగిపోయింది. చాసిస్ పెట్టె లోపల నిలిచిన తడి మొత్తాన్ని లోపలి నుంచి తినేసింది. పెయింటు మాత్రం కొత్తగా మెరుస్తోంది.

ఈ-టైప్ కూడా చాలావరకు తలుపుల కింద ఉండే సిల్స్, నేల రేకుల మీదే నిలబడే బండి అని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండ్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అరవై చలికాలాలు చూసిన బండి అది. బావగారు రంగు చూసి మోసపోకూడదు. అయస్కాంతం తీసుకెళ్లి సిల్ పొడవునా పెట్టి చూడమనండి, పుట్టీ పెట్టిన చోట అది పట్టుకోదు. లిఫ్ట్ మీద పెట్టించి కింద చూడాలి. రేకు మార్చి ఉంటే ఫోటోలు అడగాలి.

ఇంకో మాట, అడగవచ్చో లేదో. ఇంతమంది రాశాం, అక్క ఏమంటోంది? రిటైరయ్యాక పక్క సీట్లో కూర్చునేది ఆమె. ఈ-టైప్ ఎక్కాలంటే ఎత్తైన సిల్ దాటి కాళ్లు లోపల పెట్టాలి. ఎన్‌ఎస్‌ఎక్స్‌లో మీరే రాశారు, నేల చేతికి అందుతుందని. అరవై దాటిన మోకాళ్లతో రెండూ కష్టమే. అమ్మ హెరాల్డ్‌ను ఇష్టపడింది కాబట్టే నాన్న ముప్పై ఏళ్లు దాన్ని ఉంచుకోగలిగారు.

గుత్తి రోడ్డు లేత్, అనంతపురం

చెల్లెమ్మా, మీ నాన్నగారి బండి గురించి చదివి మా షాపులో అందరికీ వినిపించాను. అక్కను నిజంగానే అడగలేదు. నిన్న రాత్రి వీడియో కాల్‌లో అడిగాను.

అక్కకు రెండు బండ్లూ తెలుసట. బావతో వెళ్లి రెండింట్లోనూ కూర్చుని వచ్చింది, నాకు ఎవరూ చెప్పలేదు. "హోండాలో కూర్చుంటే మీ బావ రోడ్డును చూస్తాడు. జాగ్వార్‌లో కూర్చుంటే నాతో మాట్లాడతాడు" అంది. బావ పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు. తర్వాత ఆయనే మెల్లగా చెప్పాడు. బర్మింగ్‌హామ్ నడిబొడ్డున పాత పెట్రోలు బండ్లకు రోజుకు 8 పౌండ్లు కట్టాలట. నలభై ఏళ్లు దాటిన చారిత్రక వాహనాలకు ఆ రుసుము లేదు, రోడ్డు పన్నూ లేదు. హోండాకు ఆ వయసు ఇంకా రాలేదు. లెక్కలన్నీ ముందే వేసుకున్నాడు, నా నోటి నుంచి రావాలని ఆగాడంతే.

చెన్నై తమ్ముడి మాట కూడా విన్నాడు. బండిని ఇప్పుడే అనంతపురం తేవడం లేదు. మొదటి రెండేళ్లు అక్కడే నడుపుతాడు. సుంకం లెక్క కాగితం మీద చూశాకే తర్వాతి మాట. తెస్తే మాత్రం మనకు ఒక మేలు ఉంది. వాన లేదని ఏడ్చే జిల్లా మనది, ఆ పొడి గాలే ఈ-టైప్ రేకుకు మందు. వేడికి అదనంగా ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టాలి, రేడియేటర్ నేను స్వయంగా విప్పి శుభ్రం చేస్తాను. మన బంకుల్లో ఇప్పుడు ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు వస్తోంది, పాత రబ్బరును అది మెత్తబరుస్తుంది. కాబట్టి పెట్రోలు గొట్టాలు, కార్బురేటర్ సీళ్లు ఇథనాల్‌ను తట్టుకునేవి వేసే తేవాలి. క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి ముందు నుంచి బయటికి తీయాలి. వెనక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర కాక లోపల డిఫరెన్షియల్‌ను ఆనుకుని ఉంటాయి, ప్యాడ్లు మార్చడమే పెద్ద పని. ఉండనీ. మా షాపులో చైన్ పుల్లీ ఉంది, ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు.

తొచిగి తమ్ముడూ, నా మాట మార్చుకోలేదు. ఇంజన్‌గా నా మనసు ఆ హోండా దగ్గరే ఉంది. నా జీవితంలో అంత కొలతగా చేసిన వస్తువు ఇంకొకటి చూడలేదు. నువ్వు సెలవులో నంద్యాల వచ్చినప్పుడు ఒకసారి షాపుకు రా, ఆ టైటానియం రాడ్డు గురించి ఇంకా చాలా అడగాలి.

శనివారం బావ జాగ్వార్‌ను లిఫ్ట్ మీద పెట్టించి చూస్తాడు. అయస్కాంతం కొన్నానని ఫోటో పంపాడు. కంప్రెషన్ టెస్టర్ అక్కడ దొరుకుతుంది గానీ నాన్న వాడిన డయల్ గేజ్ అక్కడ దొరకదు. మేనకోడలు ఎల్లుండి బెంగళూరులో ఫ్లైటు ఎక్కుతోంది. గేజ్‌ను నూనె గుడ్డలో చుట్టి, ఆమె సంచిలో అక్క అడిగిన ఓళిగల డబ్బా కింద పెట్టాను.